వాగవతలి చెలక

మున్సిపాలిటీలో ఆడసభ్యురాలు ఒకరైనా ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు మా పట్నం పెద్దలు నన్ను ఏరుకున్నారు. నాకు చదువు రావడం ఒక కారణం. మా దొరల గడి కూలినా ఇంటిపేరు ఇంకా పూర్తిగా కూలలేదు కాబట్టి బల్ల దగ్గర చూడ్డానికి బాగుంటుందనుకోవడం ఇంకో కారణం. వస్తుంది, సంతకం పెడుతుంది, పోతుంది అనుకున్నారు. మొదటి సభకు నేను వెళ్ళేసరికి నా కుర్చీ చుట్టూ పరదా కట్టి ఉంది. మా ఇంటి ఆడవాళ్ళకు ఘోషా ఉండేది కదా, అందుకని మర్యాద చేశారట. జవాను చేత ఆ పరదా విప్పించి, మడత పెట్టించి, చైర్మన్ ముందర బల్ల మీద పెట్టించాను. అప్పటి నుంచి చైర్మన్‌కు నా మీద గుర్రు.

ఆయన ఒకప్పుడు మా గడిలో గుమాస్తా. దొర అయిన మా నాన్న, మా బాపు ముందు చెప్పులు విడిచి నిలబడ్డ మనిషి. ఇప్పుడు బజారులో పెద్ద కిరాణా దుకాణం, మెడలో ఖాదీ కండువా. అందుకు నేనేమీ కుళ్ళుకోలేదు. రోజులు మారాయి, మారవలసినవే. మారిన రోజుల్లో నేను తల దించుకుని తిరగాలని మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా సభలో ఏ మాట మొదలైనా కరెంటు దగ్గరికే వచ్చి ఆగేది. మా పట్నానికి మొదటి దీపం మా గడి నుంచే వచ్చింది. నిజాం కాలంలో బాపు ఒక ఆయిల్ ఇంజన్, డైనమో తెప్పించి గడికి దీపాలు పెట్టించాడు. బజారు దాకా ఒక తీగ గుంజి అక్కడా నాలుగు బల్బులు వేయించాడు. బాపు పండుకునే వేళకు ఇంజన్ ఆపేవాళ్ళు. దాంతో బజారు కూడా ఆరిపోయేది. బేరం మధ్యలో ఉన్నా, పెళ్ళి బంతి మధ్యలో ఉన్నా అంతే. పోలీసు చర్య తర్వాత గడి పోయింది, భూములు పోయాయి. ఇంజన్‌ను సర్కారు తీసుకుని మున్సిపాలిటీకి ఇచ్చింది. అది ముసలిదై, దమ్ము రోగిలా దగ్గుతూ సాయంత్రం కాసేపు నడిచేది. దానితో వీధి దీపాలు వెలగడమే గొప్ప. పవర్‌లూములు పెట్టుకోవాలని ఆశపడుతున్న సాలెవాడకు పగటి కరెంటు కావాలి.

నాకూ, కన్నతల్లి అవ్వకూ మిగిలింది వాగవతల ఒక మెట్ట చెలక. జొన్నలు, నువ్వులు పండేవి. మా తిండి అదే.

ఆ రోజు సభకు కరెంటు డిపార్టుమెంటు ఇంజనీరు వచ్చాడు. కృష్ణ ఒడ్డు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"చూడండీ, మీ ముందు మూడు దారులున్నాయి. ఇంకో పెద్ద డీజిల్ ఇంజన్ పెట్టుకోవచ్చు. త్వరగా వస్తుంది గాని నూనె ఖర్చు మోయలేరు. నీళ్ళ కరెంటు లైను కోసం ఆగొచ్చు. స్తంభాలు ఇక్కడిదాకా ఎప్పుడొస్తాయో నేను మాటివ్వలేను. లేదంటే బాయిలర్ పెట్టి బొగ్గుతో చేసుకోవచ్చు. గనులు మీకు పక్కనేగా."

"పక్కనే అంటే నడుమ గోదావరున్నది సారూ," అన్నాడు బియ్యం మిల్లు సభ్యుడు. "నస్పూర్ దిక్కు బొగ్గు ఈడికి ఈదుకుంట వస్తదా?"

"రైలు పెద్దపల్లి దాక వస్తలేదా? ఆడికెల్లి లారీ," అన్నాడు చైర్మన్.

"నీళ్ళ కరెంటే చవుక. జర ఓపిక పడుదం," అన్నాడు ఇంకో సభ్యుడు.

"ఎండకాలం తాగ నీళ్ళు లేవు, నీళ్ళ కరెంటు కోసం ఓపిక పడుతడట!" అన్నాడు మిల్లు సభ్యుడు.

సభ అంతా నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వాడు. చివరికి మాట బొగ్గు మీదికి తిరిగింది. బాయిలర్ ఎక్కడ పెట్టాలన్నది చైర్మన్ ముందే అనుకుని వచ్చాడు. సాలెవాడకు పడమటి పక్క సర్కారు బంజరుంది, పైసా ఖర్చు లేదు. అందరూ బల్లలు చరిచారు.

నేను లేచాను.

"ఆ వాడలో పొద్దున్నే మగ్గానికెక్కే నూలు పడుగులు వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఇక్కడ గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పడమటి నుంచే వీస్తుంది. బాయిలర్ పడమట పెడితే మసి వచ్చి తడి గంజి మీద పడుతుంది. నల్ల నూలుతో తెల్ల చీర ఎవరు నేస్తారో చైర్మన్ గారు చెప్పాలి."

"గాలి లెక్కలు దొరసాని గారికి ఎట్ల ఎరుక?" అన్నాడు చైర్మన్.

"గడి మేడ మీద పెరిగిన దాన్ని. గాలి తప్ప ఇంకేం వచ్చేది కాదు అక్కడికి."

సాలెవాడ వార్డు సభ్యుడు వాళ్ళ కులపెద్దే. బక్కటి మనిషి, తెల్లని మీసం. ఆయన నెమ్మదిగా లేచి నన్ను చూడకుండా మాట్లాడాడు.

"మసి పడుతదన్నది నిజమే. కని చీకట్ల కూసుంటే మాత్రం ఏం నేస్తం? కరెంటు మగ్గం వచ్చినంక పడుగు బజార్ల తోడుడు బందైతది. గప్పటిదాక మసి దులుపుకుంటం."

"వచ్చేదాకా ఎన్నేళ్ళు దులుపుతారు? మీ వాడకు తూర్పున, వాగవతల నా చెలక ఉంది. బాయిలర్ అక్కడ పెట్టండి. పొగ అటే పోతుంది. నీళ్ళు కూడా దగ్గర."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఔ మల్ల! దొరసాని చెలకల కరెంటుంటే దొరసాని పండుకున్నప్పుడు మనం పండుకోవాలె!"

నవ్వు ఎంతసేపు సాగిందో అంతసేపూ నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే ఓడినట్టని చిన్నప్పుడే నేర్చుకున్నాను. అప్పుడు ఎవరినీ నిందించలేదు, ఇప్పుడూ నిందించను. బజారు చీకటైన రాత్రుల్లో నేను మేడ మీద నిద్రపోతున్నాను. వాళ్ళు కింద తడుముకుంటూ ఇళ్ళకు పోతున్నారు. అది మరచిపొమ్మని అడిగే హక్కు నాకు లేదు. నా మాట వినమని అడిగే హక్కు ఉంది.

"చెలక ఇనాంగా ఇస్తున్నారా?" అన్నాడు ఇంజనీరు సంతోషంగా.

"ఇస్తాను."

కులపెద్ద అప్పుడు తిన్నగా నా ముఖం చూశాడు. "మీ ఇచ్చుడు మాకొద్దమ్మా. గడికి మేం ఏటేటా ఊరికే నేసి పోసిన బట్టకు లెక్కున్నదా? గడి చేతికెల్లి ఏదీ తీసుకోవద్దని కులమంత కూసోని మాటనుకున్నం. మీ దిక్కు పెండ్లి తాంబూలం సుత ముట్టలే."

"లెక్క లేదు," అన్నాను. "మీరు అన్నది నిజం."

మా ఇంట్లో ఆయనను 'మీరు' అన్న మొదటి మనిషిని నేనే కావచ్చు. ఆయన దాన్ని గమనించాడో లేదో నాకు తెలియదు.

"అట్లయితే కొనుక్కోండి," అన్నాడు ఇంజనీరు.

"దొర పట్టా భూమికి మున్సిపాలిటీ సొమ్ము పెడితే ఊరు నా మొఖాన ఉమ్మేస్తది," అన్నాడు చైర్మన్.

"నేనూ అమ్మను," అన్నాను. "మా భూములు లాక్కుంటే పోయాయి. బజారులో పెట్టి అమ్మింది ఒక్క గుంట లేదు."

ఇంజనీరు రెండు చేతులూ ఎత్తేశాడు. "ఇంత చిన్న విషయానికా అండీ? ఆవిడ ఇస్తే మీరు తీసుకోరు. మీరు కొంటామన్నా ఆవిడ అమ్మదు. మరి కరెంటు ఎట్లా?"

"నువ్వు నిన్న మొన్న వచ్చినవు సారూ," అన్నాడు బియ్యం మిల్లు సభ్యుడు. "నీకు చిన్నదే."

సభ వాయిదా పడింది.

ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"చెలక పోతే ఏం తింటం బిడ్డా?"

"మిషన్ బళ్ళో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మనిషి కావాలట. పోతాను."

"గడి బిడ్డ జీతానికి పోవుడా?"

"పోతాను."

అవ్వ చేటలోని రాళ్ళు ఏరి పారేసింది. "పో. కని వాళ్ళు కూసోమన్నదాక నిలబడకు. నీ అంతట నువ్వే కూసో."

తర్వాతి సభలో నేను లేచి ఇలా అన్నాను: "ఇచ్చేదీ లేదు, అమ్మేదీ లేదు. మార్చుకుందాం. నా చెలక మున్సిపాలిటీకి, సాలెవాడ పక్క బంజరు నాకు."

కులపెద్ద చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "మార్పిడంటే రెండు దిక్కులు సమానం కావాలె. మీది జొన్న పండే నేల. గా బంజరు రాళ్ళ దిబ్బ. సమానమెట్లయితది?"

"నాకు రాళ్ళే కావాలి."

"రాళ్ళు తింటరా?"

"అది నేను చూసుకుంటాను. నేను తగ్గి ఇవ్వడం లేదు, మీరు వంగి తీసుకోవడం లేదు. అది సమానం కాదా?"

ఆయన మీసం కింద చిన్నగా నవ్వు కదిలింది. చెయ్యెత్తాడు. ఆయన వెనక మిగతా చేతులు లేచాయి. చైర్మన్ చెయ్యి అన్నిటికంటే ఆఖరున లేచింది, ఎందుకంటే ఆ బంజరును ముక్కలు చేసి దుకాణాల జాగలుగా ఇవ్వాలని ఆయనకు వేరే ఆలోచన ఉండేది. బాయిలర్ పేరుతో ఒక మూల మాత్రమే పోతుందనుకున్నాడు. ఇప్పుడు మొత్తం పోయింది.

కలెక్టరు కచేరీ నుంచి మంజూరు వచ్చింది. బంజరు అంచున రెండు గదులు వేసుకుని అవ్వను తీసుకువచ్చాను. మిషన్ బడికి నడిచి పోయేదాన్ని. మెథడిస్టు కుటుంబాల పిల్లలు, సాలె పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. గడి దొరసాని పంతులమ్మ అయిందని బజారులో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను.

వాడలో జనం పెరిగి వీధి ఇరుకైంది. ఒక పొద్దున కులపెద్ద నా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, గా రాళ్ళ నడుమ జాగల పడుగు తోడుకోనిస్తరా అని అడుగుదామని..."

"అడగకండి. అడిగితే వద్దంటాను. ఊరికే వచ్చి తోడుకోండి."

మర్నాడు తెల్లవారేసరికి నా గుమ్మం ముందు నుంచి పొడుగ్గా తడి పడుగు సాగి ఉంది. గంజి వాసనకు అవ్వ ముక్కు మూసుకుంది గాని తలుపు మూయలేదు.

బాయిలర్ మాత్రం రాలేదు. బొగ్గు లెక్కలు పై ఆఫీసుల్లో తిరుగుతూ ఉండగానే నీళ్ళ కరెంటు స్తంభాలు మా పట్నం దాకా వచ్చేశాయి. సభ నవ్వి పారేసిన దారే గెలిచింది. నేను కూడా నమ్మలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. పాత ఇంజన్‌ను ముక్కలు చేసి తీసుకుపోయారు.

అప్పుడు చైర్మన్ నా ఇంటికి స్వయంగా వచ్చాడు. కులపెద్దను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను చెప్పకముందే మంచం మీద కూర్చున్నాడు.

"దొరసాని గారూ, బాయిలర్ లేదు. చెలక దున్నక పడావు పడ్డది. మీ చెలక మీరు తీసుకోండి, గీ దిబ్బ మాకియ్యండి. తీర్మానం తిరగరాస్తం. మీకు తిండికి పరేషానుండదు."

చెలక నా కళ్ళ ముందు మెదిలింది. వాన పడితే ఆ నేల ఎలా వాసన వేస్తుందో నాకు తెలుసు. అవ్వ మూలలో కూర్చుని నా వంకే చూస్తోంది.

"దిబ్బ తీసుకుని ఏం చేస్తారు?"

"ఊరు పెరుగుతున్నది. దుకాణాలకు జాగ కావాలె."

నేను కులపెద్ద వైపు తిరిగాను. "మీ పడుగులు?"

ఆయన తల గోక్కున్నాడు. "మగ్గాలు కరెంటు మీద పడుతున్నయి గద. మా ఫికర్ చేసి మీ బువ్వ పోగొట్టుకోకుర్రి. చెలక తీసుకో బిడ్డా."

గడి మనిషిని ఆయన 'బిడ్డా' అనడం నేను విన్నది అదే. దానికి కరిగిపోతానేమోనని నాకే భయం వేసింది.

"ఎన్ని మగ్గాలు కరెంటు మీద పడ్డాయి? వాడలో ఎక్కువ ఇళ్ళు ఇంకా చేతి మగ్గాలే. బయట సాగి ఉన్నది ఎవరి పడుగు?"

ఆయన గుమ్మం బయట సాగి ఉన్న పడుగు వైపు చూశాడు.

"చెలక నాది కాదు," అన్నాను చైర్మన్‌తో. "అది ఊరిది. మార్చుకున్నాం. పిల్లల ఆట కాదు, అక్కర తీరగానే తిరిగి మార్చుకోవడానికి."

"మీ బాపు గూడ గిట్లనే మొండిగ పోయిండు," అన్నాడు చైర్మన్ లేస్తూ. "ఏం మిగిలింది?"

"నేను మిగిలాను."

అవ్వ మూలలో నుంచి దగ్గింది. అది నవ్వు.

ఆ తర్వాత మున్సిపాలిటీకి కొత్త ఆడసభ్యురాలిని చూసుకున్నారు. సంతకం చక్కగా పెట్టే ఆవిడ. సభలు జరిగిన రోజుల్లో బడి వదిలాక నేను నేరుగా అక్కడికి పోయి, జనం కూర్చునే వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. దుకాణాల జాగ కోసం ఆ దిబ్బ పేరు చర్చకు వచ్చిన ప్రతిసారీ చైర్మన్ ముందుగా నా వైపు చూసేవాడు. నేను లేచి నిలబడేదాన్ని. ఆయన కాగితం కిందికి పెట్టి తర్వాతి విషయానికి పోయేవాడు.