గాజుగుడ్డ తాడు

నా చిన్నప్పుడు మా నానక్‌రామ్‌గూడ చుట్టూ ఎటు చూసినా రాతిగుట్టలే. మాదాపూర్ వైపు పెద్ద భవనాల కోసం వాటిని పేలుస్తుంటే మా బర్రెలు బెదిరి పాలు చేపేవి కావు. అదే ఏడు మా నాయనమ్మకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. "ఊళ్లె జాగ లేక నా కడుపుల వడ్డయా ఏంది గీ రాళ్లు?" అని నొప్పితో మెలికలు తిరుగుతూనే మమ్మల్ని నవ్వించింది.

ఆపరేషన్ రోజు పొద్దున నన్నూ దవాఖానకు తీసుకుపోయారు. నాయనమ్మ నా చేయి వదల్లేదు మరి. కమ్మలు, మట్టెలు అడగ్గానే తీసి ఇచ్చింది. మెడలోని పుస్తెలు తీయమనేసరికి మాత్రం రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని డాక్టరుగారు చెప్పారు. మా నాన్న ముందు బతిమాలాడు, తర్వాత కసురుకున్నాడు. ఆమె పిడికిలి ఇంకా బిగించింది. ఇంకా ఆలస్యమైతే తర్వాతి రోగిని తీసుకుంటామని, ఈ జబ్బు మాత్రం ఆగేది కాదని డాక్టరుగారు హెచ్చరించారు. నాయనమ్మ చచ్చిపోతుందేమోనని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు వార్డులోని సిస్టరమ్మ, "కాసేపు ఆగండి సార్. ఆవిడ మనసు కుదుటపడకుండా లోపలికి పంపలేను" అంది. కోస్తా వైపు మనిషి, మెడలో చిన్న శిలువ ఉండేది. స్టూలు లాక్కుని నాయనమ్మ పక్కన కూర్చుంది. పుస్తెలు తీయమని మళ్లీ అడగలేదు. "తీస్తే ఏమవుతుందని భయమండీ?" అంది. అంతవరకు ఆ మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

నాయనమ్మ అప్పుడు చెప్పింది. "మా అక్క పుస్తెలు వాగుల వడి పోయినయి. నెల తిరగకముందే మా బావ పోయిండు. నాకేమన్నయితే కానీ, ఆయన మంచిగుండాలె." పక్కనే నిలబడ్డ మా తాత తల దించుకున్నాడు.

సిస్టరమ్మ నవ్వలేదు, మూఢనమ్మకమనీ అనలేదు. "మరి పుస్తెలతాడు మార్చుకునేటప్పుడు మీ వైపు ఏం చేస్తారండీ?" అని అడిగింది.

"ముందుగాల పసుపుకొమ్ము కట్టుకుంటం. మెడ బోసిగ ఉండొద్దు గద" అంటూనే నాయనమ్మ ఆగి, ఆమె ముఖంలోకి చూసింది.

నాన్న ఎదుటి కిరాణా కొట్టుకు పరుగెత్తి పసుపుకొమ్మూ, కాస్త పసుపూ తెచ్చాడు. సిస్టరమ్మ డాక్టరుగారిని అడిగి ఒప్పించి, గాయాలకు కట్టే గాజుగుడ్డలోంచి సన్నని పేలిక చింపి, తాడులా పేని, పసుపు రాసి, కొమ్మును దానికి కట్టింది. మా తాత పెళ్లినాటిలాగే మూడు ముళ్లు వేశాడు. ఆ తర్వాతే పుస్తెలు తీశాడు. వాటిని లాకర్లో పెడితే నాయనమ్మకు స్థిమితం ఉండదని తన మెడలోనే వేసుకుని, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. నాయనమ్మ తనంతట తానే స్ట్రెచర్ ఎక్కింది.

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పగానే, పొద్దున అంత కసురుకున్న మా నాన్న గోడకానుకుని ఏడ్చేశాడు. తెలివి రాగానే నాయనమ్మ చేయి పసుపుకొమ్మును తడుముకుంది, కళ్లు తాతను వెతికాయి. ఆయన గుండీ విప్పి పుస్తెలు చూపించాడు. "సోకు జూడు ముసలోనికి! నవ్వియ్యకు, కుట్లు గుంజుతున్నయి" అంది. మా అందరి ప్రాణం కుదుటపడింది.

తాత చేతులు జోడించి, "నీ మనసు మంచిది బిడ్డా" అన్నాడు. "మంచితనం కాదండీ, ఇది నా డ్యూటీ" అంది సిస్టరమ్మ, ఇంజెక్షన్ సిద్ధం చేసుకుంటూ. ఆ జవాబు నాకు అప్పుడు చప్పగా అనిపించింది. నేనూ నర్సునై చాలా ఏళ్లు గడిచాక గానీ దాని విలువ తెలియలేదు. మంచితనం మన మనసు బాగున్నప్పుడే పలుకుతుంది. డ్యూటీ అనుకుంటే చిరాకుగా ఉన్న రోజున కూడా, మనల్ని తిట్టే రోగికి కూడా అందుతుంది.

ఇప్పటికీ ఎవరి ఒంటి మీంచైనా తాయెత్తో, శిలువో, దారమో తీయాల్సి వస్తే నా చేయి ముందుకు పోదు. స్టూలు లాక్కుంటాను. కొత్తగా చేరిన పిల్లలు టైమైపోతోందక్కా అని తొందరపెడతారు. డ్యూటీలోనే ఉన్నానని చెప్పి కూర్చుంటాను.