మంచె మీద లెక్కల క్లాసు

సెల్‌ఫోన్‌తో చదువు పాడవుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మమ్మల్ని పదో తరగతి గట్టెక్కించింది అదే.

మాది బూర్గంపాడు దగ్గర అడవి అంచున చిన్న ఊరు. పరీక్షలకు రెండు నెలలుందనగా మా లెక్కల సారు మధిరకు బదిలీ అయ్యారు. "సాయంత్రాలు ఫోన్ చేయండి, చెబుతా" అని నంబరు రాసిచ్చి వెళ్లారు. అప్పట్లో ఊళ్లో ఉన్నది ఒకటే సెల్‌ఫోన్. జామాయిల్ కర్ర లారీ లోడ్ల బేరాల కోసం మా నాయిన కొన్నాడు. సిగ్నల్ అందేది మా మొక్కజొన్న చేలోని మంచె మీదే.

"లోడ్ల ఫోన్‌ల చదువేందే?" అని నాయిన రోజూ గొణిగేవాడు.

మంచె ఒకరిద్దరికే సరిపోయేది. నేను పైనుంచి సార్ మాటలు అరిచి చెబితే, కింద నలుగురు స్నేహితురాళ్లు రాసుకునేవారు.

ఒకరోజు త్రికోణమితి మధ్యలో అడవిపందుల మంద చేలో పడింది. నలుగురూ కెవ్వుమంటూ మంచె ఎక్కేశారు. అది ఊగిపోసాగింది. అయినా ఫోన్ పెట్టేయలేదు. పందుల్ని బెదరగొట్టే కాపలా డబ్బా అందుకుని దబదబా బాదాను.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నారు సార్.

"పందులు సార్! మీరు చెప్పుండ్రి, రాసుకుంటున్నం!"

కర్ర పట్టుకుని ఉరికొచ్చిన నాయినకు పందులు కనబడలేదు. ఊగే మంచె మీద ఇరుక్కుని లెక్క చేస్తున్న ఐదుగురు ఆడపిల్లలు కనబడ్డారు. కర్ర పక్కన పడేసి, మంచె కాలు ఊగకుండా పట్టుకున్నాడు.

ఐదుగురమూ పాసయ్యాం. మరుసటి ఏడు నాయిన నాలుగింతల వెడల్పుతో కొత్త మంచె కట్టాడు.

"గింత పెద్దదెందుకు నాయినా?" అన్నాను.

"ఈయేడు పదో తరగతిల ఏడుగురున్నరంట గదా!"