కాకి ముట్టని వాకిట్లో దీపం పట్టిన బొమ్మ

నేను గుడివాడ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. మొన్న స్కూలు వార్షికోత్సవానికి రంగులు చాలక, పిల్లల చేత ఇళ్ళనుంచి గుప్పెడేసి పప్పులూ బియ్యమూ తెప్పించి, చెక్కబల్ల మీద జిగురుతో అతికించి ఒక బొమ్మ చేశాను. మీరందరూ క్యాలెండర్లలో చూసిన బొమ్మే. చీకట్లో ఒక అమ్మాయి దీపం పట్టుకుని నిలబడి ఉంటుంది. గాలికి ఆరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెడుతుంది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు ఎర్రగా కనిపిస్తుంది. చాలామంది చూసి మెచ్చుకుని వెళ్ళిపోయారు. ఒకాయన మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. బావమరిది కొడుకు మా స్కూల్లో చదువుతుంటే చూడ్డానికి వచ్చిన రైతు, పేరు పూర్ణయ్య. నాగాయలంక అవతల ఒక లంకలో ఉంటారు.

"మాస్టారూ, ఇవన్నీ తినేవేనాండీ?" అని అడిగారు.

"జిగురు తప్ప అన్నీ తినేవేనండీ."

"జిగురు లేకుండా నేలమీద చెయ్యగలరా? మా వాకిట్లో?"

అప్పుడు చెప్పారు. ఆయన కూతురు కమల పదిహేడేళ్ళ పిల్ల. నాలుగేళ్ళ కిందట రేవు దాటుతుంటే పడవ తిరగబడి చనిపోయింది. కర్మనాడు ఆకులో అన్నం పెడితే కాకి ముట్టలేదు. ఆ తర్వాత మూడేళ్ళూ తద్దినం నాడు పెడుతూనే ఉన్నారు, ఒక్క కాకీ ముట్టలేదు. ఈ క్యాలెండరు బొమ్మంటే పిల్లకి ప్రాణమట. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు కదా. ఈ బొమ్మని దానికి ఇష్టమైన తిండితోనే చేసి పెడితే తింటుందేమోనని ఆయన ఆశ. నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే జాలికంటే సరదాయే ఎక్కువ. అంత పెద్ద బొమ్మ నేలమీద వేసే అవకాశం ఏ డ్రాయింగు మాస్టారికి వస్తుంది?

నాలుగో తద్దినం ఫాల్గుణంలో ఒక ఆదివారం పడింది. ముందురోజు శనివారం సెలవు పెట్టి బయల్దేరాను. గుడివాడ నుంచి పామర్రు మీదుగా బస్సులో వెళ్తే దగ్గర. కానీ నల్లనువ్వులు, మినుములు, మంచి రంగున్న బెల్లం బందరు కోనేరు సెంటరు కొట్లలో ఒక్కచోటే దొరుకుతాయని ఉదయం ఆరింటి రైలుకి బందరు వెళ్ళాను. ఎనిమిదిలోపే దిగాను. సరుకులు సంచిలో వేయించుకుని, వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని తొక్కుడు లడ్డూలు అరవీశె కట్టించుకున్నాను. తొమ్మిదిన్నరకి అవనిగడ్డ బస్సు దొరికింది. టిక్కెట్టు రూపాయి నలభై కొత్త పైసలు. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదికి వచ్చేసరికి కింద కృష్ణ సన్నటి పాయలుగా, ఇసుక తిన్నెల మధ్య కనీకనిపించకుండా ఉంది. అవనిగడ్డలో భోంచేసి, మరో బస్సులో రెండింటికి నాగాయలంక చేరాను. అక్కణ్ణుంచి రేవుకి నడక పావుగంట.

రేవులో వెంకన్న అనే అతని పడవ ఉంది. గడ వేస్తూ నా సంచివైపు చూసి, "బొమ్మల మాస్టారు మీరేనాండీ?" అన్నాడు. కబురు నాకంటే ముందే నది దాటింది.

"మీ ఊళ్ళో కాకులు తక్కువా?" అని అడిగాను.

"తక్కువేంటండీ! ఎండుచేపలు ఆరబెడితే కర్రుచ్చుకుని కాపలా కూర్చోవాలి. ఆ ఒక్క వాకిట్లోనే వాలవండి. వాలకపోవడమేనా, పైనుంచి ఎగరవు కూడా. చుట్టూ తిరిగి పోతాయండి." కాసేపు గడ వేసి మళ్ళీ అన్నాడు, "ఆ రోజు పడవ నాది కాదండీ. అయినా ఆ ఇంటికి సరుకు దించాలంటే నాకు కాలు సాగదు."

నేను నవ్వుకున్నాను. అవతలి గట్టు మీద తాటిచెట్ల వెనక పూర్ణయ్యగారి పెంకుటిల్లు కనిపించింది.

ఇంట్లో ముగ్గురే ఉన్నారు. పూర్ణయ్యగారు, ఆయన భార్య సీతారావమ్మగారు, ఆయన తల్లి. ఆవిణ్ణి అందరూ మామ్మ అంటారు, చూపు బాగా తగ్గింది. సీతారావమ్మగారు ఎముకల గూడులా ఉన్నారు. లడ్డూలు అందిస్తే కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, "నేను ఒంటిపూటండి మాస్టారూ, ఆ పూట కూడా తీపి ముట్టను" అన్నారు. నాలుగేళ్ళుగా అంతేనట. నడవలో గోడకి ఆ క్యాలెండరు ఉంది. కాగితం పచ్చబడింది, నెల మార్చలేదు. మేకు చుట్టూ సున్నం పెళ్ళ ఊడిపోయిన మచ్చ అలాగే ఉంది.

వాకిలి సీతారావమ్మగారు అలికి ఉంచారు. నాలుగింటికి బియ్యప్పిండితో గీతలు గీశాను. ఆరడుగుల నిలువు. చుట్టూ చీకటికి మినుములు, జుట్టుకి నల్లనువ్వులు, చీరకి పెసలు, అంచుకి ఎండుమిరప పండ్లు. ముఖానికీ చేతులకీ బెల్లం కలిపిన అటుకులు. కమలకి అదే ఇష్టమని సీతారావమ్మగారు స్వయంగా కలిపి ఇచ్చారు. దీపం చుట్టూ వెలుగు పడేచోట పసుపు కలిపిన అన్నం తెల్లవారాక పెట్టాలనీ, మంట మాత్రం బెల్లం పాకంతో పోయాలనీ అనుకున్నాను. చీకటిపడే వేళకి ముఖం పూర్తయింది. అది పూర్తవుతున్నకొద్దీ ఇంట్లోవాళ్ళు మాట్లాడే గొంతు తగ్గిపోవడం గమనించాను. చివరికి పూర్ణయ్యగారు నాతో గుసగుసగా మాట్లాడుతున్నారు. నేనూ గుసగుసగానే జవాబు చెబుతున్నాను. ఎవరికి వినపడకూడదనో మా ఇద్దరికీ తెలీదు. తాటాకు చాపలు కప్పి లోపలికి వెళ్ళాం.

తెల్లవారి చాపలు తీసి చూశాను. నాకు మొదట ఏమీ తోచలేదు. అంతా వేసినట్టే ఉంది. వేసినట్టే ఉండటమే తేడా అని కాసేపటికి తట్టింది. రాత్రంతా అంత బెల్లం నేలమీద ఉంటే ఒక్క చీమ పట్టలేదు. దొడ్లో కోళ్ళు తిరుగుతున్నాయి, ఒక్కటీ ఇటు రాలేదు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. చీమ పట్టని బెల్లం నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మ గడ్డం మీద ఎడమవైపు ఒక నువ్వుగింజ ఉంది. నేను పెట్టింది కాదు. తీసెయ్యబోయాను.

"ఉండనివ్వండి మాస్టారూ. రాత్రి నేనే పెట్టాను," అన్నారు సీతారావమ్మగారు నా వెనకనుంచి. "దానికక్కడ పుట్టుమచ్చ."

నేను ఆ పిల్లని చూడలేదు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. "పోలిక కుదిరిందాండీ?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మచ్చ పెట్టకముందే కుదిరింది. అందుకే పెట్టాను." ఆవిడ బొమ్మ పక్కన చతికిలబడ్డారు. పసుపన్నం గిన్నె ఒళ్ళో ఉంది. నేను వెలుగు పేరుస్తుంటే మెతుకులు అందిస్తూ, నా వైపు చూడకుండా చెప్పుకుపోయారు. "గోడలకి సున్నం కొట్టించి నాలుగు రోజులు కాలేదు. అది మేకు కొట్టి ఈ బొమ్మ తగిలించింది. ఇంత పెళ్ళ ఊడి పడింది. నాకు ఒళ్ళు మండి, ఈ పూట నీకు కూడు లేదు పో అన్నాను. అది అత్తయ్యింటికి వెళ్తున్నానని నాయనమ్మతో చెప్పి రేవుకి పోయింది. ఖాళీ కడుపుతో పోయిందండీ. ఈయనక్కూడా చెప్పుకోలేదు నేను."

పూర్ణయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. అంతా విన్నారు. కండువాతో ముఖం తుడుచుకుని మళ్ళీ తుడుచుకున్నారు.

పదకొండింటికి మంట పోసి లేచాను. ఎండలో పాకం నిజంగా వెలుగుతున్నట్టే ఉంది. పూర్ణయ్యగారు నీళ్ళు చల్లి, కా కా అని పిలిచారు. కాకులు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, వాకిలి చుట్టూ ఉన్న తాటిచెట్ల మట్టలన్నీ నల్లబడేటన్ని వచ్చాయి. వాలి బొమ్మకేసి చూస్తూ కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు. అన్నింటిలో ఒక్క కాకీ అరవకపోవడం ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. రెక్క దులిపిన చప్పుడు కూడా వినిపించేది. అలా గంట గడిచింది. నీడలు కాళ్ళకిందికి వచ్చేశాయి. నేను వేసిన ముఖం నాకే చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను. తిప్పుకున్నా అది నన్ను చూస్తున్నట్టే ఉంది. దాని కళ్ళు దీపం వైపు వాలి ఉన్నాయని, వేసింది నేనేనని తెలిసి కూడా.

"దానికి నామీద కోపం తీరలేదు," అన్నారు సీతారావమ్మగారు. మొన్నటినుంచి ఆవిడ ఆ ఒక్క పూటా తినలేదు. కాకి ముట్టకుండా పచ్చి మంచినీళ్ళు కూడా తాగనని కూర్చున్నారు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. పూర్ణయ్యగారు బతిమాలారు. "అది తినకుండా నేనెలా తింటానండీ?" అన్నారావిడ.

అప్పుడు అరుగు మీదనుంచి మామ్మ మాట్లాడింది. "నువ్వు తినకుండా అదెప్పుడైనా తిన్నదే? చిన్నప్పట్నుంచీ నీ కంచంలో మొదటి ముద్ద నువ్వు తిన్నాక కదా రెండోది దాని నోట్లో పెట్టేదానివి. నాలుగేళ్ళనుంచి దానికొక్కదానికే ఆకెయ్యడమేంటే అమ్మాయీ? అది ఎవరి పక్కన కూర్చుని తింటుంది?"

సీతారావమ్మగారు ముందుకు వంగి, దీపానికి అడ్డం పెట్టిన ఆ చేతిలోంచి గుప్పెడు అటుకులు తీశారు. నోట్లో పెట్టుకున్నారు. నమలలేకపోయారు. ఏడుపు అడ్డొచ్చింది. పూర్ణయ్యగారు పక్కన కూర్చుని వీపు నిమిరారు. మింగారు. రెండో గుప్పెడు తీసి, బొమ్మ నోటి దగ్గర పెట్టి, "తినవే తల్లీ, తప్పయిపోయింది" అన్నారు.

ఒక కాకి దిగింది. చిన్నది. పక్కకి గెంతి, గెంతి, ఆ గుప్పెడు దగ్గరికే వచ్చి ముక్కుతో పొడిచింది. తలెత్తి ఆవిణ్ణి చూసి మళ్ళీ పొడిచింది. ఆ తర్వాత ఇక చెట్లమీద ఏమీ మిగల్లేదు. వాకిలంతా నల్లటి రెక్కలు. అప్పుడు మొదలయ్యాయి అరుపులు, చెవులు దిమ్మెక్కేట్టు. మూడింటికల్లా నేలమీద కాస్త బియ్యప్పిండి గీతలూ, పసుపు మరకా తప్ప ఏమీ లేదు. సీతారావమ్మగారు ఆ పక్కనే కూర్చుని మొగుడు కలిపి పెడుతున్న పెరుగన్నం తింటున్నారు.

సాయంత్రం సముద్రం పోటెక్కి నదిలో నీళ్ళు పెరిగాక వెంకన్న పడవలో తిరిగొచ్చాను. రాత్రికి అవనిగడ్డలో ఉండి సోమవారం పొద్దున్న గుడివాడ చేరాను. హెడ్మాస్టరుగారు వచ్చే ఏడు కూడా ఆ బొమ్మే చేయమన్నారు. వేరేదేదైనా చేస్తానని చెప్పాను. చీమల సంగతి సైన్సు మాస్టారిని అడిగితే నేలమీద ఏ మందో చల్లి ఉంటారన్నాడు. ఉండొచ్చు. వాకిలి అలికిన సీతారావమ్మగారిని నేను అడగలేదు, అడగను. సరదాకి వెళ్ళినవాణ్ణి నేను. నా చేతిపనికి నేనే భయపడటం అదే మొదటిసారి. బొమ్మ పూర్తయ్యేకొద్దీ మనది కాకుండా పోవడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ పిల్లలకి పాఠంగా చెప్పాను. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కళ్ళారా చూశాను.

మీరు ఆ వైపు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. నాగాయలంక రేవు నుంచి పడవలు పోటు చూసుకునే కదులుతాయి, వేళంటూ ఉండదు. అవనిగడ్డలోనే పోటు ఎప్పుడో కనుక్కుని, తాగే నీళ్ళు వెంట పెట్టుకుని బయల్దేరండి. అక్కడ హోటళ్ళు లేవు. ఎవరైనా అన్నానికి కూర్చోమంటే మొహమాటపడి వద్దనకండి. వాళ్ళని కూడా పక్కన కూర్చోమనండి.