మందు వెచ్చబడితే వ్యాను అమ్మేద్దామన్నాను

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా అక్క ఇప్పటికీ నన్ను దెప్పుతుంది. దెప్పదా మరి! అద్దె ఇల్లు వదిలేసి, మా ఆయన ఇన్నేళ్లూ పిల్లల్ని ఎక్కించుకుని తిప్పిన స్కూలు వ్యానునే కొనుక్కుని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి అమర్చుకుని అందులో కాపురం పెట్టాం. పైన సోలార్ ప్యానెల్, మంచం కింద బ్యాటరీ. కొన్నాళ్లు గూడూరు వైపు ఉంటాం. ఎండలు ముదిరితే మైపాడు సముద్రం ఒడ్డుకు వచ్చేస్తాం.

ఆయనకు షుగరు. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ సీసాలు చల్లగా ఉండాలి కాబట్టి వ్యానులో చిన్న ఫ్రిజ్ ఉంది. వ్యాను ఎక్కేముందే తెగేసి చెప్పాను.

"ఇదిగో, మందు ఒక్కసారి వెచ్చబడిందా, వ్యాను అమ్మేసి ఇల్లు చూసుకుందాం. ఆ రోజు నాతో వాదించగూడదు."

ఆయన నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

మొదట అద్దె ఇంట్లో వాడిన పాత ఇన్వర్టర్ బ్యాటరీనే వ్యానులోకి ఎక్కించాం. దానికి చేసిన సేవ నేను మా అత్తగారికి కూడా చేయలేదు. మూతలు తీసి నీళ్లు తగ్గాయేమో చూడాలి. షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఇక్కడి బోరు నీళ్లు ఉప్పు కషాయం. సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద తెల్లగా పొడి పేరుకునేది. వైర్లు విప్పి, వేడినీళ్లలో తినేసోడా కలిపి, పాత బ్రష్షుతో తోమి, ఆరాక వ్యాజలైన్ రాసేదాన్ని. సగానికి మించి వాడొద్దని షాపతను మొత్తుకున్నా, మా ఆయన పాత సినిమాలు చూసి చూసి దాన్ని అడుగంటించేవాడు. పాపం, అది తొందరగానే చచ్చింది.

కొత్తది కొనడానికి నెల్లూరు వెళ్లాం. మా ఆయన కన్ను లారీ బ్యాటరీ మీద పడింది. "లారీని కదిలించేది మన ఫ్రిజ్‌ను తిప్పలేదా?" అంటాడు.

"అది ఇంజను స్టార్ట్ చేసేదానికే సార్. ఒక్కసారి బలం చూపించి ఊరుకుంటాది. రోజంతా ఫ్రిజ్ నడవాలంటే ఇది తీసుకోండి" అని షాపతను లిథియం బ్యాటరీ చూపించాడు. నీళ్లు పోసే పని లేదు, బరువు తక్కువ, బాగా కిందిదాకా వాడినా ఓర్చుకుంటుంది. "వేడెక్కితే మటుకు దానంతటదే ఆగిపోతాది, మళ్లీ చల్లబడితేనే పనిచేస్తాది. గాలి ఆడనియ్యండి" అన్నాడు. నీళ్లు పోసే పని లేదన్నాడు చూడండి, నేను అక్కడే పడిపోయాను.

పసుపు, బొట్టు, టెంకాయ నా వంతు. కవరు తీయకపోవడం ఆయన వంతు. కొత్త వస్తువు ఏది వచ్చినా ప్లాస్టిక్ కవరు దానంతటది చిరిగేదాకా ఉండాల్సిందే, మా ఆయనకు అదొక వ్రతం. పరుపు మీద కవరు, కుర్చీల మీద కవరు, రిమోటు మీద కవరు. బ్యాటరీకీ కవరు అట్టే ఉంచి, వైర్లకు మాత్రం బొక్కలు పెట్టి, ఉప్పుగాలి తగలకుండా పైన టార్పాలిన్ పట్టా చుట్టాడు. శ్రీహరికోటలో రాకెట్టును కూడా అంత జాగ్రత్తగా చుట్టరు.

"గాలి ఆడనియ్యమన్నాడు గదయ్యా!" అన్నాను.

"ఈడ ఆడేది ఉప్పుగాలి. నీకు తెల్దు, ఊరుకోమే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మంచం చెక్క మూసేశాను.

చలికాలం బాగానే గడిచింది. రోహిణి కార్తెకు మైపాడు ఒడ్డున ఉన్నాం. ఒక మధ్యాహ్నం ఆయన మంచినీళ్లకు వెళ్లాడు. నేను చింతపండు పిసుకుతుంటే ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ చప్పుడూ ఆగింది. మంచం చెక్క ఎత్తి చెయ్యి పెడితే బ్యాటరీ అట్లపెనంలా ఉంది. పట్టా లాగి అవతల పారేశాను, కవరును పళ్లతో కొరికి చింపాను. ఆయన్ని తిట్టని తిట్టు లేదు. అది చల్లబడేదెప్పుడు? అంతసేపూ ఈ ఇనప డబ్బాలో మందు ఆగుతుందా? ఫ్రిజ్ తెరిచి సీసాలు పట్టుకున్నాను. ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఇరుకని, ఇసుకని రోజూ సణిగేదాన్ని నేనే. ఆయన వచ్చేదాకా ఊరికే కూర్చుంటే చాలు, మందు వెచ్చబడేది, నా పంతం నెగ్గేది. కూర్చోలేదు. స్టీలు డబ్బా పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఇసుకలో పడి పరుగెత్తాను. అరికాళ్లు కాలిపోయాయి.

ఒడ్డున చేపలమ్మే ఆవిడ నన్ను చూసి, "ఏందక్కా, ఏం కొంప మునిగిందని అట్ట పరిగెత్తతుండావు?" అంది.

"ఐసు! చేపలొద్దు, ముందు ఐసియ్యి!"

ఆమె నవ్వి, గంపలోని ఐసు దోసిళ్లతో తీసి డబ్బా నింపింది. మందు గడ్డకట్టినా చెడిపోతుంది. అందుకని సీసాలను తువ్వాలులో చుట్టి, గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను ఐసు మీద ఉంచి మూత వేశాను. వ్యానంతా వంజరం వాసన.

ఆయన వచ్చాడు. చిరిగిన కవరు చూశాడు, ఆగిన ఫ్యాను చూశాడు. బిందె దించి, నా మొహం చూడకుండానే ఫోను తీశాడు.

"అప్పుడెప్పుడో వ్యాను కొంటానని అడిగినాయన నంబరు ఇందులోనే ఉండాది. మాటంటే మాట. నేను వాదించను" అన్నాడు.

నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒక్కసారే వచ్చాయి. గిన్నె తీసి ఆయన చేతిలో పెట్టాను. "మందు వెచ్చబడితే గదా అన్నాను. పట్టుకో, చూడు!"

సీసాలు తడిమి చూసి, "ఇల్లు కావాలని రోజూ నా ప్రాణం తీస్తావు గదే. మరి ఐసు కోసం ఎందుకు పరిగెత్తినావు?" అన్నాడు.

"నా ఇల్లు నన్నడక్కుండా అమ్మేదానికి నువ్వెవరయ్యా?" అని అరిచాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, కింద కూర్చుని, డబ్బాలోంచి రెండు ఐసు ముక్కలు తీసి నా అరికాళ్లకు పట్టాడు.