సీరియస్ అని వచ్చిన టెలిగ్రామ్

నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, మేము ఒమన్‌లోని నిజ్వాలో ఉండేవాళ్ళం. మాది కడప. అమ్మ అక్కడి స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. శుక్రవారం సెలవు కదా, భోజనాలయ్యేసరికి సైట్లలో పనిచేసే తెలంగాణ వాళ్ళు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. చదివి పెట్టడం, జవాబు రాసి పెట్టడం అమ్మ పని. పక్కన డిక్షనరీ పెట్టుకుని గొప్పలు పోవడం నా పని.

వాళ్ళ దగ్గర ఇంగ్లీషు మాటలకు అర్థాలు వేరు. క్యాన్సిల్ అంటే మనిషిని ఇంటికి పంపేయడం. రిలీజ్ అంటే వేరే కంపెనీకి పోనిచ్చే కాగితం. డిక్షనరీలో అలా లేదని నేను వాదిస్తే, నలుగురూ వాడగా వాడగా మాట అర్థం మారిపోతుందని, డిక్షనరీ ఆ వెనకాల ఎప్పటికో వస్తుందని అమ్మ నవ్వేది.

సీరియస్ అన్న మాట కూడా అలా మారిందే. ఊళ్ళో ఎవరైనా పోతే టెలిగ్రామ్‌లో ఆ ముక్క రాసేవాళ్ళు కాదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నవాడు ఏమైపోతాడోనని, సీరియస్, వెంటనే బయలుదేరు అని ఇచ్చేవాళ్ళు. జాలితో మొదలైన అలవాటే. కొన్నేళ్ళకి ఆ మాట కనబడితే చాలు, రూమ్‌లో వాళ్ళు మనిషి పోయినట్టే అనుకుని, టెలిగ్రామ్ అందుకున్నవాడికి తల మీద నీళ్ళు పోసి చావు స్నానం చేయించేవాళ్ళు.

ఒక శుక్రవారం, నేను నిజామాబాద్ మామ అని పిలిచే ఆయన వచ్చాడు. తాపీ పని చేసేవాడు, నన్ను బిడ్డా అని పిలిచేవాడు. జుట్టు తడిగా ఉంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తల్లి సీరియస్ అని టెలిగ్రామ్ వచ్చిందట. దాన్ని చదవమని కూడా అడగలేదు.

"ఇగ పోయినా మా అవ్వ మొఖం సూస్తనా టీచరమ్మా? దినాలు మంచిగ చెయ్యమని మా అన్నకు రాయుండ్రి," అన్నాడు.

నాకు అప్పటికే నోరెక్కువ. సీరియస్ అంటే చనిపోవడం కాదు, జబ్బు బాగా ముదిరిందని అర్థం అన్నాను. అమ్మ కళ్ళురిమి చూసింది. ఆయనకు లేనిపోని ఆశ పెట్టకూడదని ఆమె ఉద్దేశం. టెలిగ్రామ్ మడిచి పక్కన పెట్టి, ఆయన చెప్పినట్టే ఉత్తరం రాసింది. ఆయన అర్బాబ్, అంటే యజమాని, అడిగితే సెలవిచ్చే మనిషే. పోయాక ఇంకెందుకని మామ అడగనే లేదు.

నెల దాటాక అన్న దగ్గర నుంచి జవాబు వచ్చింది. మామకు చదువు రాదు కాబట్టి అమ్మే పైకి చదివింది. టెలిగ్రామ్ ఇచ్చాక ముసలమ్మ పదహారు రోజులు బతికిందట. బస్సు చప్పుడైతే చాలు, చిన్నోడు వచ్చిండా అని అడిగేదట. దినాలు చెయ్యమన్న ఉత్తరం ఇల్లు చేరేసరికి ఆమె మంచం మీద కళ్ళు తెరుచుకునే ఉంది. ఏం రాశాడని అడిగితే, బయలుదేరాడట అని అన్న అబద్ధం చెప్పాడట.

అమ్మ ఆ పైన చదవలేకపోయింది. నేను చెప్పిందే నిజమైందన్న గర్వం నాకు రవ్వంత కూడా కలగలేదు, భయం వేసింది. అమ్మ కుర్చీలోంచి లేచి, నేల మీద కూర్చున్న ఆయన ముందు చేతులు జోడించింది.

"తప్పు నాదేనప్పా. కాగితంలో ఏముందో చెప్పాల్సినదాన్ని, అందరూ అనుకునేదే నేనూ అనుకుంటిని. పిల్ల చెప్తాంటే దాని నోరు మూయిస్తిని."

"నీదేం తప్పు టీచరమ్మా, నేనే అడుగకపోతి," అన్నాడు మామ. ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ శుక్రవారమూ మా ఇంటికి రాలేదు.

ఆ తర్వాత అమ్మ, వచ్చిన ప్రతివాడి తరఫునా ఇంటికో ఉత్తరం రాసి పంపింది. పోతే పోయారనే రాయండి, బతికుంటే బతికున్నారని రాయండి అని. కొందరి ఇళ్ళవాళ్ళు విన్నారు, కొందరు వినలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. పోయిన ఏడాది అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడికి ఫోన్ చేసింది నేనే. దూరాన ఉన్నవాణ్ణి కంగారు పెట్టకు, కాస్త మెల్లగా చెప్పమని బంధువులు చెయ్యి పట్టుకున్నారు. నేను వినలేదు. "అమ్మ ఇంకా బతికే ఉందిరా. ఎక్కువ రోజులు ఉండదు. ఇవాళే బయలుదేరు," అన్నాను.