ఏంబలం తోటలో కంటికానని కందిరీగ

యానాంలో మా పెరటి కొబ్బరిచెట్లకు తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున సున్నం చల్లినట్టు తెలుపు, పైన మసి. ఎన్ని మందులు కొట్టినా పోలేదు. పుదుచ్చేరిలో ఉద్యోగం చేసే నా స్నేహితురాలు, ఆ దగ్గరి పల్లె ఏంబలంలో తన పిన్ని సుగుణమ్మ తోటలో ఒక సన్నని కందిరీగ ఆ దోమను తినేస్తోందని చెప్పింది. దాన్ని చూడాలనీ, వీలైతే ఇంటికి తెచ్చుకోవాలనీ బయల్దేరాను.

శనివారం పొద్దున ఏడింటికి పుదుచ్చేరి బస్టాండులో టౌన్ బస్సెక్కాను. టికెట్టుకు కాఫీ ఖరీదు కూడా కాలేదు. ముదలియార్‌పేట దాటేదాకా రద్దీ, ఆ తర్వాత చెరకు తోటలు, వరి మళ్లు. ఏంబలంలో దిగి తోటలోకి అడుగుపెట్టేసరికి సుగుణమ్మ భర్త కోదండం వీపున మందు పంపు తగిలించుకుంటున్నారు.

"కొట్టకండి బాబాయ్!" అన్నాను.

"మరుందు కొట్టకుంటే ఎట్టమ్మా? ఇంగా తెల్లగానే వుండాది గదా."

"కొంజెం ఆగు. అంత దూరం నించి వచ్చిండాది, చూడనీ," అని సుగుణమ్మ ఒక ఆకు కోసిచ్చింది.

భూతద్దం పెట్టి చూశాను. తెల్లదోమ పిల్లల్లో చాలావరకు నల్లబడి ఉన్నాయి. తల్లి కందిరీగ వాటి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు దాన్ని లోపలే తిని పెరుగుతుంది. నేను చూస్తుండగానే ఒక నల్లటి పెంకుకు గుండ్రని కన్నం పడింది. ముందు తల, తర్వాత కాళ్లు, చివరికి రెక్కలు. ఆవగింజలో సగం కూడా లేదు! అద్దాన్ని కోదండం గారి చేతికిచ్చాను.

ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. "ఏందిది, ఎరుంబు కన్నా చిన్నది! ఇదా మన చెట్టును కాచేది?" ఎరుంబంటే చీమ.

"నువ్వు మరుందు కొడితే ముందు చచ్చేది అదే," అంది సుగుణమ్మ.

ఆయన పంపు దించారు. "సరే, ఈ నెల ఆగి చూస్తా."

తర్వాత ఆయనే నల్లటి పెంకులున్న ఆకులు ఏరి కోసిచ్చారు. మర్నాడు ఇంటికి చేరగానే వాటిని మా చెట్లకు కట్టాను. కొన్ని వారాలకు రెండు చెట్ల మీద నల్లటి చుక్కలు కనిపించాయి. మూడోది ఇంకా తెల్లగానే ఉంది, ఎదురుచూస్తున్నాను.

ఈ తెల్లదోమ మధ్య అమెరికా వైపు నుంచి సముద్రాలు దాటి వచ్చిందట. ఎవరూ పనిగట్టుకుని తేకపోయినా ఈ కందిరీగ కూడా దాని వెనకే వచ్చేసిందట. అంత చిన్న ప్రాణి తన ఆహారాన్ని వెతుక్కుంటూ ఇంత దూరం చేరడం తలచుకుంటే, భూతద్దంలో చూసిన ఆ రెక్కలకు దండం పెట్టాలనిపిస్తుంది.

మీరూ ఆకులు తెచ్చుకుంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి, చెమ్మకు బూజు పడుతుంది. కాగితంలో చుట్టి, ఎండ తగలకుండా తెచ్చి, వెంటనే చెట్టుకు కట్టండి.