నూట యాభై రెండు పాయింట్ అయిదు

మా అమ్మ పూలమ్ముతుంది. మెదక్ చౌరస్తాలో ఆమె మూరకు పేరుంది. దండను మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా లాగి, ఆపైన ఇంకో బెత్తెడు వదిలి తెంపుతుంది. కొనేవాళ్ళు ఏడుపాయల గుడికి పోతున్నా, చర్చికి పోతున్నా ఆ బెత్తెడు మాత్రం ఖాయం. "నా కొలతల తక్కువ రాదు" అనేది ఆమె రోజూ అనే మాట.

నా ఎత్తు కూడా ఆమె కొలిచిందే. ఒకసారి దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చి, నన్ను దర్వాజకు ఆనించి నిలబెట్టి, బొగ్గుతో గీత గీసింది. అయిదు ఫీట్లు. వెంట్రుకవాసి తేడా లేదంది. ఆ తర్వాత నేను పెరగలేదు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్లలు అయిదు ఫీట్లుంటే చాలని మా గల్లీలో అందరూ అనేవాళ్ళు. నేనూ నమ్మి మొదటి రాత పరీక్ష రాసి గట్టెక్కాను. ఇక ఎత్తు కొలతకు, పరుగుకు పిలుస్తారనగా ఫోన్‌లో నోటిఫికేషన్ మళ్ళీ చదివాను. ఎత్తు దగ్గర నూట యాభై రెండు పాయింట్ అయిదు సెంటీమీటర్లని ఉంది. అయిదు ఫీట్లనే ఇలా రాసి ఉంటారనుకుంటూ ఊరికే లెక్క కట్టాను. అరవై అంగుళాలు, అంగుళానికి రెండు పాయింట్ అయిదు నాలుగు. నూట యాభై రెండు పాయింట్ నాలుగు వచ్చింది. మళ్ళీ కొట్టాను. ఫోన్ మనసు మార్చుకోలేదు.

ఒక్క మిల్లీమీటరు తక్కువ. బడిలో స్కేలు మీద ఆ సన్న గీతలను నేనెప్పుడూ లెక్కచేయలేదు. సెంటీమీటర్లు పరీక్షలో రాయడానికి, ఫీట్లు బతకడానికి అన్నట్టుండేది మా వ్యవహారం. ఇప్పుడు ఆ గీతల్లో ఒకటి వచ్చి నా గొంతు మీద కూర్చుంది. ఈసారి తప్పితే మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి నాకు వయసు దాటిపోతుంది. నాకా ఉద్యోగం కావాలి. మోకాళ్ళు అరిగిన అమ్మను ఎండలోంచి లేపి ఇంట్లో కూర్చోబెట్టడానికి నాకు వేరే దారి తెలియదు.

"మిల్లీమీటరంటె ఎంత బిడ్డా?" అనడిగింది అమ్మ.

స్కేలు చూపించాను. కళ్ళు చిట్లించి చూసి నవ్వింది.

"గింతనా? గీనికేనా గింత పరేషాన్? నెత్తిమీది వెంట్రుకలే అంతకంటె ఎక్కువుంటయ్."

"వెంట్రుకలు లెక్కవెట్టరమ్మా. అదిమి కొలుస్తరు."

"అయితె నేను కొలిచింది తప్పంటవా?"

తప్పయితే ఎంత బాగుండునని మొదటిసారి అనిపించింది.

కోచింగ్‌లో తోటి అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. మనిషి పొద్దున లేచేసరికి కాస్త పొడుగుంటాడట, నిలబడుతూ కూర్చుంటూ సాయంత్రానికి కుంగుతాడట. కాబట్టి కొలిచేదాకా పడుకునే ఉండాలి. అమ్మ ఈ ముక్కను గట్టిగా పట్టుకుంది. కొలత సంగారెడ్డిలో. మా మేనమామకు కూరగాయలు తోలే ట్రాలీ ఆటో ఉంది. ఆ రోజు తెల్లవారకముందే దాంట్లో పరుపు వేసి, దిండయినా లేకుండా నన్ను పడుకోబెట్టి, అమ్మ పక్కన కూర్చుంది.

"ఎవలన్న ఆపి, పిల్లకేమైందని అడిగితె ఏం జెప్పాలె అక్కా?" అన్నాడు మామ.

"నోరు మూస్కొని తోలు. గుంతలు జూస్కో."

"పొట్టోళ్ళకు పుట్టెడు బుద్ధులని ఊకె అనలే."

నాకు నవ్వు రాలేదు. దారి పొడుగునా నాకు కనిపించింది ఆకాశమూ, అమ్మ గడ్డమూ. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా, ఎగిరిపడితే వెన్ను కుంగుతుందని ఆమె నా భుజాలను పరుపుకు అదిమి పట్టేది. నర్సాపూర్ అడవి దగ్గరికి వచ్చేసరికి నాకు దిగాల్సిన అవసరం పడింది.

"ఆపుకో" అంది అమ్మ.

"ఆగదమ్మా."

"నూట యాభై రెండున్నర గావాలె బిడ్డా. జర ఆపుకో."

జీవితంలో ఎన్నడూ సెంటీమీటరు మాటెత్తని మనిషి ఆ అంకెను అంత గట్టిగా పట్టుకోవడం చూసి నాకు భయమేసింది. ఆపుకున్నాను.

గ్రౌండ్ గేటు దగ్గర వాళ్ళిద్దరినీ ఆపేశారు. లోపలికి వెళ్ళాక మైకులో చెప్పారు, ముందు ఎనిమిది వందల మీటర్ల పరుగు, అందులో నెగ్గినవాళ్ళకే కొలత అని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెల్లగా ఉరికితే పరుగులో పోతాను, గట్టిగా ఉరికితే ఎత్తు పోతుంది. ఉరికాను. ప్రతి అడుగుకూ నన్నెవరో మేకులా నేలలోకి దిగ్గొడుతున్నట్టే ఉంది. పరుగులో నెగ్గానని చెప్పినప్పుడు సంతోషించడం కూడా మరచిపోయి, వెతికి వెతికి కాస్త గడ్డి ఉన్న చోట వెల్లకిలా పడుకున్నాను. ఎందుకని అడగకుండానే ఇంకో ఇద్దరమ్మాయిలు వచ్చి నా పక్కన పడుకున్నారు.

నా నంబరు పిలిచారు. చెప్పులు విప్పి, జడ విప్పి మిషన్ కింద నిలబడ్డాను.

"మడమలు ఆనించు. గడ్డం ఎత్తకు" అంది కొలిచే మేడం.

పైనుంచి పలక దిగి నడినెత్తిని తాకింది. అంకెలు నాకు కనిపించవు. ఆమె మొహమే చూస్తున్నాను.

"నూట యాభై రెండు పాయింట్ రెండు."

"ఇంకొక్కసారి మేడం." పలక కింది నుంచి నేను కదల్లేదు.

వెనక లైను పెరుగుతోంది. ఆమె నన్నోసారి చూసి, సరేనని తలూపింది. మా ఇంటి దర్వాజను తలచుకున్నాను. అమ్మ బొగ్గు పట్టుకుని పక్కనే ఉందనుకుని, మెడలో నరాలు గుంజేలా నిటారుగా నిలబడ్డాను.

"పాయింట్ నాలుగు." ఆమె వెంటనే రాయలేదు. "మిషన్ సూపెట్టిందే రాయాలె తల్లీ. నేనేం జెయ్యలేను" అంది.

బయట అమ్మ ట్రాలీకి ఆనుకుని నిలబడి ఉంది. పరుపు ఇంకా పరిచే ఉంది.

"ఎంతొచ్చింది?"

విప్పిన జడ అల్లుకుంటూ నిలబడ్డాను. 

"ఫీట్లల్లనన్న జెప్పు బిడ్డా."

"అయిదు ఫీట్లు."

"తక్కువేం రాలే గదా?"

"లేదమ్మా. సరిగ్గ నువ్వు కొలిచినంతే."

ఆమె మొహం వెలిగింది. మామ వైపు తిరిగి, "నేను జెప్పలే? నా కొలత తప్పదు" అంది. పరుపు మీద దుమ్ము దులుపుతూ, "అలిసిపోయినవ్, పండుకో దా" అని నన్ను పిలిచింది.

"ఇంక పండుకునే పని లేదమ్మా. కూసుంట."

దులుపుతున్న చేయి ఆగిపోయింది. మామ బండి స్టార్ట్ చేశాడు.

పరుపు చుట్టేసి దాని మీద పక్కపక్కనే కూర్చున్నాము. నర్సాపూర్ దాటాక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అలవాటుగా అమ్మ చేయి నా భుజం మీద పడింది. మళ్ళీ తీయలేదు. కౌడిపల్లి దాటాక, రోడ్డు వైపే చూస్తూ అంది.

"అందరికి బెత్తెడు ఎక్కువనే ఇచ్చిన. నీకే సరిగ్గ ఇచ్చిన బిడ్డా."